ఒక చెంచాడు పిండి

"నేనే కలిపాను. ఏం, ఉరి తీస్తారా?" అంది నాయనమ్మ.

వంటింటి బల్ల మీద జావ గిన్నె ఆవిరి కక్కుతూనే ఉంది. పక్కన మూత తీసిన గోధుమపిండి డబ్బా. చేతిలోంచి జారి అందులో సగం దాకా దిగబడిన చెంచా. ఆ చెంచాను గిన్నెలోకి వంపుతున్న చేతిని పెద్దమ్మాయి ఇందాకే పట్టుకుంది. పట్టుకున్నది ఇంకా వదల్లేదు.

నాయనమ్మే మెల్లగా విడిపించుకుని, చెయ్యి తువాలుకు తుడుచుకుంది.

బేకరీలో పొద్దుటి అమ్మకం అయిపోయి, సాయంత్రపు పిండి ఇంకా తడపని వేళ అది. ఆ ఇంట్లో అందరూ కాస్త నడుం వాల్చే వేళ. ఇవాళ అందరూ వంటింట్లోనే నిలబడి ఉన్నారు. కూర్చోవాలని ఎవరికీ తోచలేదు.

"రోజూనా?" అంది పెద్దమ్మాయి.

"రోజూనే. ఒక్క చెంచాడు. ఉత్త బియ్యపు జావ నీళ్ళలా జారిపోతుంది, దాంతో ఒంటికేం పడుతుంది? అద్దంలో చూసుకున్నావా? పుల్లకి బట్టలు తొడిగినట్టున్నావు. చూస్తూ ఊరుకోమంటావా?"

"గోధుమ నాకు విషమని డాక్టరమ్మ చెప్పింది నాయనమ్మా. ఇంటికొచ్చి నీకు మళ్ళీ చెప్పాను. ఇదే బల్ల దగ్గర."

"విషం." అన్నంలో రాయి తగిలినట్టు నాయనమ్మ ఆ మాటను పక్కకు ఉమ్మేసింది. "ఈ ఇల్లు లేచింది ఆ విషంతోనే. మీ తాతా నేనూ పిండి పలక మీద గీకిన పిండితో కూడా రొట్టెలు చేసి పిల్లల్ని పెంచాం. మీ నాన్న ఎముకల్లో ఉన్నది అదే. నీ ఎముకల్లో ఉన్నదీ అదే. నిన్నగాక మొన్న పుట్టిన ఒక పిల్ల కళ్ళద్దాలు పెట్టుకుని విషం అంటే విషం అయిపోతుందా?"

పెద్దమ్మాయి తండ్రి వైపు తిరిగింది.

ఆయన గుమ్మానికి ఆనుకుని ఉన్నాడు. ఊళ్ళో అందరూ మేస్త్రి అని పిలిచే మనిషి. రొట్టె అడుగున వేలితో తడితే చాలు, లోపల ఎంత కాలిందో చెప్పగలడు. ఆ విద్య ఆయన నేర్పింది ఒక్క పెద్దకూతురికే.

"నాన్నా," అంది, "రక్తం పట్టే మాత్రలు మింగుతున్నా, గోధుమ మానేసినా రక్తపరీక్షలో ఆ జబ్బు గుర్తు తగ్గట్లేదంటే, నువ్వేమన్నావో గుర్తుందా? కౌంటరు చాటున బన్నులు తినేది నువ్వే కదూ అన్నావు. కొనడానికొచ్చిన వాళ్ళ ముందు అన్నావు. నన్ను దొంగని చేశావు."

తండ్రి వేళ్ళ సందుల్లో ఎండిన పిండిని గిల్లుకుంటున్నాడు.

"ఇప్పుడేమంటావు?"

గోడగడియారం టిక్కుటిక్కుమంటోంది. ముందు గదిలో ఎవరో కౌంటరు మీద తడుతున్నారు, తల్లి అటు చూసింది గానీ కదల్లేదు.

"పెద్దావిడ ప్రేమతో చేసింది," అన్నాడు తండ్రి. "దానికి పంచాయితీ పెట్టకు."

"ప్రేమతో కలిపారని పేగులకి తెలుస్తుందా నాన్నా?"

"మెల్లగా," అంది తల్లి. "బయట మనుషులున్నారు."

"ఉండనీ."

"పేగులూ అవీ వాళ్ళకి వినపడాలా? తినే పదార్థాలు అమ్ముకునే ఇల్లిది."

తల్లి ఆ జబ్బుకు పెట్టుకున్న పేరు గ్యాసు. అమ్మాయి చిక్కిపోయిందేమిటంటే గ్యాసు. జుట్టు రాలిపోతోందేమిటంటే గ్యాసు. పిండి తొట్టి పక్కన కళ్ళు తిరిగి పడిపోయిన రోజున కూడా గ్యాసే.

"అమ్మ లెక్కన అక్కలో ఉన్న గ్యాసుతో ఈ వీధంతా వంట చేసుకోవచ్చు," అన్నాడు తమ్ముడు. రొట్టెల వ్యాను నడిపేది అతనే. నవ్విద్దామని అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి వ్యాను తాళంచెవులను చేతిలో ఆడించడం ఆపేశాడు.

తండ్రి గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు.

"సరే. అందరూ ఉన్నారు గనక ఇప్పుడే చెప్తున్నా. ఇవాళ్టినుంచి పిండి గది వీడిది. గాల్లో లేచే పిండి కూడా నీ లోపలికి పోకూడదని ఆ డాక్టరమ్మే అందిగా? ఆవిడ మాటే వింటున్నా. నువ్వు ఇంట్లో ఉండు, తిను, కోలుకో."

"నాకా?" అన్నాడు తమ్ముడు. "నాన్నా, నాకు పిండికీ సున్నానికీ తేడా తెలీదు."

అతన్ని ఎవరూ పట్టించుకోలేదు.

"ఆవిడ పిండి గదిలోకి వెళ్ళొద్దంది," అంది పెద్దమ్మాయి. "బేకరీలోంచి పొమ్మనలేదు."

"రెండూ ఒకటే. నువ్వు తినని రొట్టెని ఊరికి ఎలా అమ్ముతావు?"

"వీధి చివర ఆ ముసలాయన పళ్ళపొడి అమ్మట్లేదా? నోట్లో ఒక్క పన్ను లేదు."

"నవ్వులాటగా ఉందా?"

"లేదు నాన్నా. ఏడుపొస్తోంది, కానీ ఏడవను. వెనకాల గోడౌను ఖాళీగా ఉంది. విరిగిన ట్రేలూ తుప్పు పట్టిన పాత జల్లెడలూ తప్ప ఏం లేవు. అది నాకివ్వు. కడుక్కుంటాను, సున్నం వేసుకుంటాను, చిన్న పొయ్యి పెట్టుకుంటాను. బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి. గోధుమ గింజ ఆ గడప దాటదు. నాలాంటి వాళ్ళు తినే రొట్టె చేస్తాను."

"సాగని పిండితో రొట్టె చేస్తావా? ఇటుకలు చేస్తావు."

"మొదటిది ఇటుకే అవుతుంది. రెండోది పెంకవుతుంది. నువ్వు చేసిన మొదటి రొట్టె ఏమైందో నాయనమ్మ చెప్పింది నాకు. కుక్క వాసన చూసి వెళ్ళిపోయిందట."

నాయనమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. తండ్రి ముఖం మాత్రం బిగుసుకుంది.

"మా నాన్న కట్టిన కప్పు ఇది. దీని కింద గోధుమ లేని రొట్టె కాలదు."

"కాలుతుంది."

"కాలదన్నాను."

ఆయన పిండి గదిలోకి వెళ్ళిపోయాడు. తొట్టిలో నీళ్ళు పోస్తున్న చప్పుడు మామూలుకన్నా గట్టిగా వినిపించింది. తల్లి కౌంటరుకు వెళ్ళింది. తమ్ముడు కాసేపు అక్కడే తచ్చాడి, తండ్రి పిలవకముందే తలొంచుకుని వెనకాలే వెళ్ళాడు.

పెద్దమ్మాయి జావ గిన్నె తీసుకెళ్ళి తూములో వంచేసింది. గిన్నె తోమింది. మళ్ళీ తోమింది. పొట్టలో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు మెలిక పడుతోంది. నిన్నటి చెంచా, మొన్నటి చెంచా, అన్నీ లోపల కూర్చుని ఉన్నాయి కదా అనుకుంది. స్నానాలగదికి పరుగెత్తి, చాలాసేపటికి గోడ పట్టుకుని బయటికి వచ్చింది.

నాయనమ్మ గుమ్మం దగ్గరే ఉంది. నీళ్ళ గ్లాసు అందించింది.

"ఆ డాక్టరమ్మ దగ్గరికి నన్ను తీసుకెళ్ళు," అంది. "నేనే అడుగుతాను. ఏ పుస్తకంలో చదివిందో నాకూ చెప్పనీ."

*

మర్నాడు క్లినిక్కులో నాయనమ్మ ఎవరూ కూర్చోమనకుండానే కూర్చుంది. చేతికర్రను బల్లకు ఆనించింది, అది జారి కింద పడింది. డాక్టరమ్మే వంగి తీసి ఇచ్చింది. నాయనమ్మ దానికి కరగలేదు.

"జావలో పిండి కలిపింది నేనే," అంది. "ఈ పిల్ల అబద్ధాలకోరు కాదు. ముందు అది రాసుకో."

"రాసుకుంటానమ్మా."

"ఇప్పుడు చెప్పు. రొట్టె తింటే మనిషి చస్తాడా?"

డాక్టరమ్మ నవ్వలేదు. ఆవిడ వెనక గోడకు పొట్ట లోపలి బొమ్మ వేలాడుతోంది. గొట్టాలు గొట్టాలుగా, చుట్టలు చుట్టలుగా.

"మీరూ నేనూ తింటే బలం. ఈమెకి వేరు. పేగు లోపల తువాలుకి నూలుపోగులున్నట్టు సన్నటి పోగులుంటాయమ్మా. తిన్నదాన్ని పీల్చుకునేవి అవే. ఈమెకి గోధుమ తగలగానే ఒంట్లో కాపలా ఉండే సైన్యం ఉంది చూడండి, అది పొరబడుతుంది. దొంగ వచ్చాడనుకుని ఆ పోగుల్నే గొరిగేస్తుంది. తువాలు నున్నటి గుడ్డ అయిపోతుంది. ఇంక ఎంత తిన్నా ఒంటబట్టదు. అందుకే రక్తం లేదు, నోట్లో పుళ్ళు, విరేచనాలు, నీరసం. సీలియాక్ అంటాం దీన్ని."

"ఒక్క చెంచాడుకే?"

"చెంచాడు చాలా ఎక్కువ. రొట్టె పొడి కాస్త పడినా చాలు."

"మందు?"

"గోధుమ మానడమే మందు. ఆ పోగులు మళ్ళీ మొలుస్తాయి. కాకపోతే మొలిచినప్పుడల్లా ఎవరో ఒకరు గొరిగేస్తుంటే మొలవవు."

ఆ ఎవరో ఒకరు తనేనని నాయనమ్మకు అర్థమైంది. చేతికర్ర తల మీద బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది.

"బార్లీ, గోధుమ, రవ్వ, మైదా ఏవీ వద్దు. బియ్యం, మొక్కజొన్న, జొన్న, దుంపలు, గుడ్లు, పాలు, అన్నీ తినొచ్చు," అని డాక్టరమ్మ పెద్దమ్మాయితో చెప్పింది. మళ్ళీ నాయనమ్మ వైపు తిరిగింది. "ఇది రక్తసంబంధం ఉన్నవాళ్ళలో కనిపించే జబ్బమ్మా. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి బాధలున్నాయా?"

"మా అబ్బాయికి," అంది నాయనమ్మ అయిష్టంగా. "దీని నాన్నకి. తిన్నాక పొట్ట ఉబ్బుతుందని బెల్టు వదులు చేసుకుంటాడు. పొద్దున్నే కడుపు పట్టుకుని పరుగెడతాడు. జేబులో మాత్రలు గలగలలాడుతుంటాయి. పని ఒత్తిడి అంటాడు."

"ఆయన్ని కూడా రక్తపరీక్ష చేయించుకోమనండి. అదే అయి ఉండాలని లేదు. ఊరికే అసిడిటీ కావచ్చు, పేగుల్లో మామూలు చికాకు కావచ్చు. చూస్తే తెలుస్తుంది. ఇంకెవరైనా? చిన్నపిల్లలు?"

నాయనమ్మ నోరు తెరిచి మూసింది.

బయట వరండాలో ఎవరి బిడ్డో ఏడుస్తోంది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు.

"పొట్ట ఉబ్బి," అంది నాయనమ్మ, బొమ్మ వైపు చూస్తూ, "కాళ్ళూ చేతులూ పుల్లల్లా అయిపోయి, పిల్ల ఎప్పుడూ విసుక్కుంటూ ఉంటే, అదీ ఇదేనా?"

"ఎవరికమ్మా?"

"ఎవరికో."

పెద్దమ్మాయి తల తిప్పి చూసింది. నాన్న కన్నా ముందు నాయనమ్మకొక ఆడపిల్ల పుట్టి పోయిందని ఇంట్లో ఎప్పుడో ఒకసారి అనగా విన్నది. ఆ పిల్లకు పేరున్నట్టు కూడా ఎవరూ మాట్లాడరు.

"నా పెద్ద పిల్ల," అంది నాయనమ్మ. "వీళ్ళ నాన్నకి అక్క. నడక వచ్చేదాకా బాగానే ఉంది. రొట్టె మొదలుపెట్టాక..." ఆగింది. "నులిపురుగులన్నారు. దిష్టి అన్నారు. తెచ్చిన మందల్లా పోశాం."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది.

"ఆ రోజుల్లో పిల్లలు అలా అవడానికి సవాలక్ష కారణాలు. క్షయ ఉండేది, నీళ్ళవల్ల వచ్చే జబ్బులుండేవి. చూడని బిడ్డ గురించి నేను ఇదీ అని చెప్పలేనమ్మా. చెప్తే అబద్ధమవుతుంది."

"అబద్ధం నాకొద్దు. ఓదార్పూ వద్దు. కావచ్చా, కాకూడదా?"

"కావచ్చు," అంది డాక్టరమ్మ.

నాయనమ్మ లేచి నిలబడింది. చేతికర్ర అక్కడే మరిచిపోయి తలుపు దాకా నడిచింది.

*

క్లినిక్కు ఎదురుగా బస్సు ఆగే చోట బెంచీ ఉంది. ఇద్దరూ కూర్చున్నారు. ఎక్కాల్సిన బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది.

"మెత్తటి భాగం దానికే తీసేదాన్ని," అంది నాయనమ్మ. "పాలల్లో నానబెట్టి. మీ నాన్నకి పెచ్చులే. వాడు కొరకలేక ఏడిస్తే, అక్కకి ఒంట్లో బాగాలేదురా అనేదాన్ని."

పెద్దమ్మాయి వింటోంది.

"వద్దనేది. మూతి ఇలా తిప్పేసేది. ముక్కు మూసి, నోరు తెరిచాక పెట్టేదాన్ని. తినకపోతే ఎలా బతుకుతుందని."

"నీకప్పుడు తెలీదు నాయనమ్మా."

"తెలీదు."

"నాకు పెట్టినప్పుడు తెలుసు."

అనేశాక పెద్దమ్మాయి ఆ మాటను వెనక్కి తీసుకోలేదు. జాలి వేరు, ఇది వేరు. ఇన్ని నెలలు స్నానాలగది గోడ పట్టుకుని నిలబడింది తను. దొంగ అనిపించుకుంది తను.

నాయనమ్మ రోడ్డు వైపు తిరిగింది.

"తెలుసు," అంది. "తెలుసని ఒప్పుకుంటే అప్పటిది కూడా ఒప్పుకోవాలి కదా. అందుకని చెంచా చేతికి తీసుకున్నప్పుడల్లా అనుకునేదాన్ని, చూడు, ఇది తింటుంది, దీనికేం కాదు, ఒళ్ళు చేస్తుంది, అప్పుడు అందరికీ తెలుస్తుంది, రొట్టె తప్పు కాదని. నువ్వు చిక్కిపోతుంటే ఇంకో చెంచాడు వెయ్యాలనిపించేది."

"వేశావా?"

"వేశాను. ఒక్కోరోజు."

పెద్దమ్మాయి మోకాళ్ళ మీద చేతులు బిగించి కూర్చుంది. నాయనమ్మ ఆ చేతుల మీద చెయ్యి వెయ్యబోయి, మానుకుని, తన ఒళ్ళోనే పెట్టుకుంది.

"నన్ను తిట్టు," అంది.

"ఇప్పుడు కాదు. ఓపిక లేదు. బాగుపడ్డాక తీరిగ్గా తిడతాను."

నాయనమ్మ మూతి కాస్త వణికింది. అది నవ్వో కాదో తెలియలేదు.

"మీ నాన్నకి మాత్రం చెప్పకే. వాడికి అక్కంటే ప్రాణం. ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది."

"పడనీ నాయనమ్మా. మన కాళ్ళే కదా."

నాయనమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

"అమ్మ గ్యాసు అంటుంది. నాన్న పని ఒత్తిడి అంటాడు. నువ్వు దిష్టి అన్నావు. ఈ ఇంట్లో కడుపుకి తప్ప దేనికైనా పేరు పెట్టొచ్చు. నాన్న పొద్దున్నే కడుపు పట్టుకుని పరుగెత్తడం నువ్వు చూస్తున్నావు, నేను చూస్తున్నాను. ఆయనకి కూడా మర్యాదగా చావమని చెబుదామా?"

"చావు మాటలొద్దు."

"అయితే బతుకు మాటలే చెప్దాం. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

తరువాతి బస్సు వచ్చింది. ఈసారి ముందుగా లేచింది నాయనమ్మే.

*

బేకరీ ముందు సాయంత్రపు వరస అప్పుడే మొదలైంది. పిండి గదిలో తమ్ముడు ఈస్టు ఎక్కువ వేసినట్టున్నాడు. పిండి తొట్టి అంచులు దాటి పొంగి నేల మీదికి దిగుతోంది. అతను రెండు చేతులతో దాన్ని వెనక్కి నెడుతూ, "ఇది నన్ను మింగేస్తుంది అక్కా," అని తలుపులోంచి అరిచాడు.

పెద్దమ్మాయి గడప ఇవతలే ఆగి, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంది. "గుద్ది గాలి తీసెయ్. సగం తీసి చల్లటిచోట పెట్టు," అంది. లోపల అడుగు పెట్టలేదు. పెట్టాలని కాళ్ళు లాగాయి.

కౌంటరు దగ్గర రిటైరైన లెక్కల మాస్టారు నిలబడి ఉన్నాడు. "ఏమ్మా, పిండి గదిలో నువ్వు లేవేం? ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగాడు.

"ఏం లేదండీ," అంది తల్లి, "కాస్త గ్యా..."

"గ్యాసు కాదు మాస్టారూ," అంది పెద్దమ్మాయి. "పేగుల జబ్బు. నాకు గోధుమ పడదు. తింటే విరేచనాలు, రక్తం తగ్గిపోతుంది. ఈ జన్మకి మా రొట్టె నేను తినకూడదు. మీరు తినొచ్చు, ఇది అంటుకునేది కాదు."

వరసంతా చప్పబడింది. తల్లి చేతిలో కాగితం సంచి నలిగింది. ఎవరో వెనక్కి తిరిగి వెళ్ళిపోతారనుకుంది ఆమె.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"నాకు మొలలు," అన్నాడు. "దిండు లేకుండా కుర్చీలో కూర్చుని ఎన్నేళ్ళయిందో. పిల్లలకి పాఠమంతా నిలబడి చెప్తుంటే క్రమశిక్షణ గల మాస్టారన్నారు అందరూ."

ఎవరో ఫక్కున నవ్వారు. మాస్టారు కూడా నవ్వాడు. ఆయన వెనక నిలబడ్డ దర్జీ ఆవిడ, రాత్రి పడుకుంటే పుల్లటి నీళ్ళు గొంతులోకి ఎగదన్నుకొస్తాయని, కూర్చునే నిద్రపోతున్నానని చెప్పింది. పక్కావిడ పిత్తాశయంలో రాళ్ళున్నాయంది. "మా ఆయన వారానికోసారి వెళ్తే అదే పండగ," అని ఇంకొకామె అనగానే ఆ ఆయన వరసలోంచి తప్పుకోబోయాడు గానీ, మాస్టారు భుజం పట్టి ఆపి, రాత్రిపూట ఏం తినాలో, ఎన్ని నీళ్ళు తాగాలో చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇది బేకరీయా, ఆస్పత్రా?"

తండ్రి లోపలి గది గుమ్మంలో ఉన్నాడు. టీ తాగే వేళ ఆయనది. కౌంటరు వెనక చిన్న బల్ల మీద టీ గ్లాసు, పళ్ళెంలో అప్పుడే కోసిన వేడి రొట్టె.

"పరువు వీధిన పెట్టడానికి నీకు నేనే దొరికానా?" అన్నాడు కూతురితో, గొంతు తగ్గించి.

"పరువుకేమైంది నాన్నా? ఎవరూ వరసలోంచి కదల్లేదు. చూడు."

ఆయన చూడలేదు. బల్ల దగ్గర కూర్చుని రొట్టె ముక్క చేతిలోకి తీసుకోబోయాడు. అంతలో నాయనమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. పళ్ళెంలోని రొట్టె మీద అరచెయ్యి ఆనించి పెట్టింది.

"అమ్మా, చెయ్యి తియ్యి. కాలుతుంది."

"కాలనీ. ఒరే, మీ అక్క ఎలా పోయిందో నీకు గుర్తుందా?"

తండ్రి ముఖంలో రంగు మారింది. "ఇప్పుడెందుకమ్మా అది?"

"పొట్ట ఉబ్బిపోయి పోయింది. నేను రొట్టె పెడుతూనే ఉన్నాను, అది పోతూనే ఉంది. ఇవాళ ఆ డాక్టరమ్మని అడిగాను. కావచ్చు అంది. అదే జబ్బు కావచ్చు అంది."

"కావచ్చు అంటే కాకపోవచ్చు కూడా."

"కాకపోవచ్చు కూడా. అది తెలుసుకునే దారి నాకింక లేదు. నీ సంగతి తెలుసుకునే దారి ఉంది. నెత్తురిచ్చి చూపించుకో. అంతవరకు మానడం మొదలెట్టకు, తింటూనే పరీక్ష చేయించుకోవాలట, బస్సులో ఈ పిల్ల చెప్పింది. కానీ ముందు వస్తానని మాటివ్వు. మాటిస్తేనే ఈ రొట్టె వదుల్తాను."

"నాకేం లేదు."

"జేబు దులుపు."

ఆయన జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. లోపల మాత్రల అట్ట చిటపటలాడింది. వరసలో నిలబడ్డవాళ్ళు కాగితం సంచుల వైపూ పైకప్పు వైపూ చూస్తున్నారు.

"ఊరంతా మన రొట్టె తింటోంది," అన్నాడు తండ్రి. మెల్లగా అన్నా ఒక్కో మాటా పెకిలించినట్టు వచ్చింది. "దీన్ని చేసే చేతులకే ఇది పడదని రేపు తేలితే? మేస్త్రి తినడు, మేస్త్రి కూతురు తినదు. అప్పుడు నేనెవర్ని?"

నాయనమ్మ చెయ్యి మాత్రం తియ్యలేదు. ఆయన రొట్టె రెండో అంచు పట్టుకున్నాడు. ఇద్దరూ దాన్ని లాగలేదు, వదల్లేదు.

పెద్దమ్మాయికి ఒక్క క్షణం తండ్రి పక్కన కూర్చోవాలనిపించింది. కూర్చుంటే ఏం జరుగుతుందో తెలుసు. ఆయన కళ్ళు తుడుచుకుంటాడు, తను సరేలే నాన్నా అంటుంది, అమ్మ గ్యాసు అంటుంది.

"నువ్వెవరివో చెప్పనా?" అంది. "నాకు పని నేర్పినవాడివి. అది పేగుల్లో ఉండదు నాన్నా, చేతుల్లో ఉంటుంది."

మేకుకు వేలాడుతున్న గోడౌను తాళంచెవి తీసుకుంది.

"అక్కడ పెట్టు అది."

ఆమె పెట్టలేదు. పెరటి వైపు నడిచింది.

"ఆ తలుపు తీశావంటే ఈ కొట్టుతో నీకు సంబంధం లేదు," అన్నాడు వెనకనుంచి. కుర్చీలోంచి లేవలేదు. లేవాలంటే చేతిలోది వదలాలి.

పెరట్లో ఎండ తగ్గింది. తాళం బిగుసుకుని, రెండు చేతులతో తిప్పితే గానీ ఊడలేదు. తలుపు వానలకు ఉబ్బి చట్రంలో ఇరుక్కుపోయింది. భుజంతో నెట్టింది. కదల్లేదు. మళ్ళీ నెట్టింది. కళ్ళ ముందు చుక్కలు తేలాయి. నుదురు చెక్కకు ఆనించి, ఊపిరి పీల్చుకుని, మూడోసారి భుజం ఆనించింది.

వెనక అడుగుల చప్పుడైంది. తిరిగి చూడలేదు. నాన్న అయితే అవనీ అనుకుంది.

"జరుగు," అంది తల్లి.

కౌంటరు వదిలి ఆమె అమ్మకం వేళ పెరట్లోకి రావడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ముందు కట్టుకున్న గుడ్డ విప్పి మెట్టు మీద పడేసింది. కూతురి పక్కన నిలబడి, తలుపుకు రెండు చేతులూ, ఒక భుజమూ ఆనించింది.

లోపల కుర్చీ నేల మీద కీచుమని జరిగింది.

"గట్టిగా నెట్టవే," అంది తల్లి. "మీ నాన్న లేచాడు."